హరిచందన ఎత్తిన బరువు

హెలెన్‌కు ఆరేళ్లు. దేవుడి తర్వాత అంతటివారెవరని అడిగితే హరిచందనక్క అని తడుముకోకుండా చెబుతుంది. హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లెలో పుట్టి, దేశం తరఫున బరువులెత్తి బంగారు పతకం తెచ్చిన హరిచందనను టీవీలో చూసిన రోజు నుంచి ఆ ఇంట్లో చీపురు కర్రకు విశ్రాంతి లేదు. దాని రెండు చివరలా నీళ్ల సీసాలు కట్టి, నాయనమ్మ తెరేసమ్మ పౌడరు అరచేతులకు దట్టంగా రాసుకుని, బుగ్గలు పూరించి ఎత్తుతుంది. పౌడరు లేకపోతే బరువు జారిపోతుందని నాయనమ్మకే పాఠం చెబుతుంది. చర్చికి బయల్దేరేసరికి డబ్బా ఖాళీ అని ముసలావిడ గొణుగుతుంది గానీ, మనవరాలు ఎత్తినప్పుడల్లా చప్పట్లు కొట్టేది కూడా ఆవిడే.

ఆ హరిచందనకు హెలెన్ వాళ్లుండే వన్ టౌన్‌లోనే సన్మానమన్నారు. స్వాగతం ఫ్లెక్సీ వేసే పని హెలెన్ వాళ్ల నాన్న యేసుకుమార్ షాపుకే వచ్చింది. ఇక పిల్ల కాలు నేల మీద నిలిస్తే ఒట్టు.

మనవైపు ఫ్లెక్సీకి ఒక ధర్మం ఉంది. స్వాగతం ఎవరికైనా కావచ్చు, వేయించినవాళ్ల మొహాలు లేకపోతే అది ఫ్లెక్సీయే కాదు. వీధి కమిటీ ప్రెసిడెంటు శ్రీనివాసరావు గారు, సెక్రటరీ జయదేవ్ గారు కంప్యూటరు పక్కనే కూర్చుని, తమ ఫొటోలు గుండ్రంగా కత్తిరించి పైన చెరో పక్కనా పెట్టించారు. మధ్యలో పెట్టిన ఫొటోలో హరిచందన ఎత్తిన బరువు వాటికి అడ్డమొచ్చింది. దాన్ని తీసేయమన్నారు. యేసుకుమార్ నసిగాడు. ఆ అమ్మాయి బరువులెత్తుతుందని ఊరందరికీ తెలుసు, మళ్లీ చూపించడమెందుకని ప్రెసిడెంటు గారు తేల్చేశారు.

సన్మానం రోజు పొద్దున ఫ్లెక్సీని షాపు ముందు పరిచారు. హెలెన్ చూసి గొల్లుమంది.

"అక్క బరువేది నాన్నా? ఓడిపోయి చేతులెత్తేసినట్టుంది."

కస్టమరు మాట కాదనకూడదమ్మా అని నచ్చజెప్పి, యేసుకుమార్ మేకుల కోసం వీధి చివరకు వెళ్లాడు. అతనికీ సిగ్గుగానే ఉంది. హెలెన్‌కు మాత్రం గుండె మండిపోయింది. ప్రపంచమంతా చూస్తుండగా ఎత్తిన బరువు మన వీధికొచ్చేసరికి పోయిందంటే అక్క ఏమనుకుంటుంది? పిల్ల ఏడుపాపి, షాపులో పేర్లు రాసే లావు నల్ల మార్కరు తీసుకుంది. హరిచందన రెండు చేతుల్నీ కలుపుతూ, అటూ ఇటూ ఉన్న గుండ్రటి ఫొటోలకు తగిలేదాకా కడ్డీ గీసింది. వంకర పోయిన చోట ఇంకాస్త లావు చేసింది.

యేసుకుమార్ తిరిగొచ్చేసరికే పనివాళ్లు ఫ్లెక్సీని బోర్లా తిప్పి ఉంచారు, అతను తెచ్చిన మేకులతో ఫ్రేముకు కొట్టేశారు. రోజూ అన్నేసి మొహాలు తిప్పేవాళ్లు, మొహాలు చూడటం ఎప్పుడో మానేశారు.

సాయంత్రం కల్యాణ మండపం ముందు ఫ్లెక్సీ లేచి నిలబడటం, హరిచందన కారు దిగటం ఒక్కసారే జరిగాయి. జనం తలెత్తి చూశారు.  ఇక నవ్వాగలేదు. నల్లటి కడ్డీకి ఒక చివర ప్రెసిడెంటు గారు, మరో చివర సెక్రటరీ గారు, మధ్యలో ఇద్దర్నీ అవలీలగా ఎత్తిన హరిచందన. యేసుకుమార్ మెల్లగా జనం వెనక్కి జరిగాడు. ప్రెసిడెంటు గారి మొహం కందగడ్డయింది.

ఎవరు గీశారని హరిచందన అడిగింది. జనాన్ని తోసుకుంటూ హెలెన్ ముందుకొచ్చింది.

"నేనే అక్కా. వీళ్లు నీ బరువు తీసేశారు. నేను పెట్టా."

హరిచందన ఫ్లెక్సీ వంక చూసింది. పక్కన నిలబడ్డ పెద్దమనుషులిద్దరినీ చూసింది. నవ్వు బిగబట్టి, పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"ఇంత బరువు నేనెప్పుడూ ఎత్తలేదే. ఎత్తగలనంటావా?"

హెలెన్ పెద్దమనుషుల్ని ఎగాదిగా చూసింది. అక్కకు తన ఎత్తుడు చూపిద్దామని దాచి తెచ్చుకున్న పౌడరు పొట్లం గౌను జేబులోంచి తీసింది.

"ఎత్తగలవు. ముందు ఇది రాసుకో. లేకపోతే జారిపోతారు."

హరిచందన రెండు అరచేతులూ చాపింది.