జనరల్ గారి గడప

ఆర్కిటెక్టు సుభద్రకి తన డ్రాయింగుల మీద నమ్మకం ఎక్కువ. ఎక్కువంటే అంతా ఇంతా కాదు, నగర కౌన్సిల్ వాళ్లు తప్పు పడితే వాళ్లనే కళ్లజోడు మార్చుకోమనే రకం. అలాంటి మనిషిని లావ్ అనే ముసలాయన ఒక్క మాటతో ఆపేశాడు.

"కుదరదు."

కూరగాయల తోటలు వేసుకు బతికిన చైనావాళ్లు ఆక్లండ్‌లో ఎప్పుడో కట్టుకున్న గుడి అది. లోపల దేవుడిగా ఉన్నది ఒకప్పటి సేనాధిపతి, జనరల్ గారు. ఎర్రటి మొహం, బారెడు గడ్డం, ఇచ్చిన మాట కోసం ప్రాణం వదిలిన వీరుడు. చక్రాల కుర్చీకి దారి చూపకపోతే నెలాఖరుకి తాళం వేస్తామంది కౌన్సిల్. సుభద్ర సులువైన దారి గీసింది: జానెడెత్తు చెక్క గడపని కోసెయ్యడం. గుడి పెద్దగా లావ్ ఒప్పుకోవాలి. చోద్యం కాకపోతే, చక్రాల కుర్చీలో ఉన్నదీ ఆయనే!

"మీ కోసమే కదండీ" అంది సుభద్ర.

"మా తాతలు దాటిన గడపమ్మా. మనవలు నన్ను ఎత్తి దాటిస్తారు. వాళ్లకి తీరికలేనప్పుడు బయటినుంచే దణ్ణం పెట్టుకుంటాను. గడప తీసేస్తే అది జనరల్ ఇల్లు కాదు, షాపు."

మర్నాడు శుక్రవారం. ఆ ఊళ్లోనే ఫ్లాట్ బుష్ పేటలో తన ఇంటి గడపకి పసుపు రాస్తూ సుభద్ర ఆగిపోయింది. గడపంటే గడపా అది, అల్యూమినియం పట్టీ. దానికే వారం వారం పసుపూ కుంకుమా!

"ఏమండీ, వాళ్ల గడప కోసేస్తానని గీశాను. నాకేం పోయేకాలం!"

"క్లయింట్‌కి ఏది ఈజీయో అది గీశావ్. తప్పేముంది?" అన్నాడు రవిచంద్ర, కారు తాళాలు వెతుక్కుంటూ.

"మన గడప మీద ఎవడైనా రంపం పెడితే ఊరుకుంటారా?"

రవిచంద్ర తాళాలు పుచ్చుకుని బయల్దేరాడు. సుభద్రకి మాత్రం నిజంగా సిగ్గేసింది. సిగ్గుపడుతూ కూచుంటే పనులవుతాయా? చేతులు కడుక్కుని కంప్యూటర్ ముందు కూచుంది.

గడపని అంటుకోకుండా, దాని మీదుగా చిన్న చెక్క వంతెన గీసింది. ఇటు వాలు, అటు వాలు. లావ్ చూసి చూసి తలూపాడు. కౌన్సిల్ ఆఫీసరు "కోసేస్తే తేలిక కదా" అన్నాడు.

"తేలికే. కొయ్యను" అంది సుభద్ర.

వంతెన పూర్తయిన రోజున మనవలు అలవాటుకొద్దీ కుర్చీ పట్టుకోబోతే లావ్ కసిరాడు. చక్రాలు తనే తోసుకుంటూ, ఆయాసపడుతూ ఎక్కాడు. గడప మీదుగా దాటి లోపలికి దిగాడు. జనరల్ ముందు ఆగి తన భాషలో ఏదో అన్నాడు.

"ఏమన్నారు?" అనడిగింది సుభద్ర.

"ఇన్నేళ్లూ మనవలు నన్ను తీసుకొచ్చారు, ఇవాళ నేనే వచ్చానని చెప్పాను."