చెరువుకో న్యాయం, కడుపుకో న్యాయం

గణపవరంలో గంగాధరరావుకు మూడు రొయ్యల చెరువులున్నాయి. ప్రోబయోటిక్ పొడి వాడటంలో తనను మించినవాడు లేడని ఊళ్లో అందరికన్నా ముందు ఒప్పుకున్నవాడు ఆయనే. ఆ పొడిని బెల్లం నీళ్లలో తవుడుతో పులియబెట్టి చల్లితే అడుగున కుళ్లు తగ్గుతుంది, మంచి బ్యాక్టీరియా బలిసి చెడ్డవాటికి చోటుండదు.

ఆయన పెద్దన్నయ్య పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడు. తోడబుట్టినవారు, యాభై దాటినవారు కాబట్టి గొట్టం వేసి పేగు లోపల చూసే కొలనోస్కోపీ చేయించుకోవాలంది ఏలూరు డాక్టర్ స్టెల్లా. ఆయనకు గొట్టమంటే భయం. భయమని చెప్పుకోవాలంటే ఇంకా భయం. అందుకని పెరుగును పట్టుకున్నాడు. పూటపూటకీ పెరుగు, మధ్యలో ప్రోబయోటిక్ మాత్ర.

"పెరుగు తింటుంటే లోపల ఏదీ పెరగదు," అనేవాడు భార్య వీరరాఘవమ్మతో. "కొలను బాగుచేసేవాడికి కోలన్, అదే పెద్దపేగు, ఒక లెక్కా?"

"పెరుగు మంచిదేనన్నారండీ డాక్టరమ్మ. ఆ బ్యాక్టీరియా క్యాన్సర్‌ని ఆపుతుందో లేదో ఇంకా చూస్తున్నారట. వాళ్లు చూసేలోగా మిమ్మల్ని చూడాలన్నారు."

మూడు తేదీలు తీసుకుని మూడూ ఎగ్గొట్టాడు. నాలుగోది ఎల్లుండి.

ఆ ఉదయం ఇద్దరూ చెరువు దగ్గరికి వెళ్లేసరికి కాపలా సీమోను తీరుబడిగా టీ తాగుతున్నాడు. చెక్ ట్రేలు గట్టున ఎండుతున్నాయి. మేత వేసి నీళ్లలో దించి, కాసేపటికి పైకెత్తి, రొయ్య తింటోందో లేదో, దాని పేగు నిండిందో లేదో చూసుకునే పళ్లేలవి.

"ట్రే దించలేదేం సీమోనూ?"

"మొన్నే కదండీ ప్రోబయోటిక్ చల్లాం. నీళ్ల రంగు బాగుందండి. రొయ్య హుషారుగా ఉందండి."

"చల్లేస్తే సరిపోద్దా? చల్లడం వేరు, చూడ్డం వేరయ్యా. పోయినేడు ఉండి ఊళ్లో మా బావమరిదీ ఇలాగే, బాగుంది బాగుంది అనుకుంటూ కూర్చున్నాడు. తీరా లోపల చూసేసరికి..."

తన మాట తనకే వినపడి, ఆయన భార్య వైపు చూశాడు. వీరరాఘవమ్మ అవతలి గట్టు మీది కొంగను చూస్తూ నిలబడింది.

"ఎల్లుండి ఎన్నింటికి రమ్మన్నారు?" అన్నాడు నెమ్మదిగా.

"ఎనిమిదింటికండీ. రేపు సాయంత్రం నుంచి పేగు కడిగే మందు తాగాలి."

తాగాడు. చెరువుకు నీళ్లు మార్చినట్టుందని గొణుక్కుంటూ బాత్రూముకు బాట వేశాడు.

మర్నాడు గొట్టం వేసినప్పుడు పేగులో రెండు చిన్న బుడిపెలు కనిపిస్తే అక్కడికక్కడే తీసేశారు. వారం తర్వాత రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు, వదిలేస్తే ఎప్పటికో కాగల రకం.

"పెరుగు మానకండి," అంది స్టెల్లా. "చెప్పిన గడువుకు మళ్లీ రావడమూ మానకండి."

ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని, తాడేపల్లిగూడెంలో ఉన్న తమ్ముడు సాయికృష్ణకు ఫోన్ చేశాడు. వాడికి నలభై ఆరు; తోడబుట్టినవాళ్లు నలభై దాటితే చాలు, చూపించుకోవాలంది స్టెల్లా.

"నాకేం లేదు కదన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

"నాకూ ఏం లేదురా," అన్నాడు గంగాధరరావు. "ఆ లేనివే రెండు తీశారు. గురువారం ఖాళీ పెట్టుకో, నీతో నేనూ వస్తాను."