బెల్టు బయట పాప

ఎనభై రెండులో రేణిగుంట నుంచి హైదరాబాదుకు విమానం ఎక్కినప్పుడు నాకు అరవై దాటాయి. ముప్పై ఏళ్ళు సత్యవేడు బళ్ళో పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. భారతమ్మ టీచరుకు ఎదురు చెప్పేవాళ్ళు ఊళ్ళో తక్కువ. నా కొడుకు ధనంజయ హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగి. వాడి కూతురు, మా పాపకు జ్వరం తగ్గి పది రోజులే అయింది, అంత దూరం రైల్లో వద్దమ్మా అని విమానం టికెట్లు పంపించాడు. పది నెలల పాపకు వేరే సీటు ఉండదు, ఒళ్ళో పెట్టుకోవాలట.

ఒడి నాదే, అందులో చర్చ లేదు. మా కోడలు పంకజాక్షి ఏ బండిలోనూ పాపను ఎత్తుకోదు. నాలుగేళ్ళ కిందట నేనూ, ఆమే, ఆమె మొదటి బిడ్డా పుత్తూరుకు పోతుంటే నాగలాపురం దాటాక బస్సు ఒక్కసారిగా బ్రేకు వేసింది. ఆమె ఒళ్ళోని ఎనిమిది నెలల మగబిడ్డ ఎగిరిపోయి ముందు సీటు ఇనుప కమ్మీకి కొట్టుకున్నాడు. ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయింది. మూడోనాడు పాలు పోసి వచ్చాక, ఇంటి నిండా చుట్టాలుండగా, చేతులుండీ లేనిదానివి అని ఆమెను అన్నాను. నా నోరు అట్లాంటిది. పాప పుట్టాక బస్సెక్కినప్పుడల్లా నేనే తీసుకుని తుండుగుడ్డతో నా నడుముకు కట్టుకునేదాన్ని.

విమానంలో బెల్టు ఉంది కదా, నాకూ పాపకూ కలిపి బిగించేశాను. ఇంతకంటే భద్రం ఏముందని దర్జాగా కూర్చున్నాను.

ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి వచ్చి చూసి బెల్టు విప్పేసింది. నాకు ఒళ్ళు మండింది. పసిబిడ్డను కట్టకూడదని రూలు రాసినవాడికి పిల్లలు లేరా అని అడిగాను. ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు. విమానం ఉన్నట్టుండి ఆగితే నా బరువంతా పాప మీద పడుతుందని, బెల్టుకూ నాకూ మధ్య నలిగిపోతుందని నిదానంగా చెప్పింది. బెల్టు పెద్దవాళ్ళకేనట, పాపకు చేతులేనట. తర్వాత తన రెండు వేళ్ళు నా కుడిచేతిలో పెట్టి గట్టిగా పట్టుకోమంది. పోయిన ఏడాది బావి దగ్గర పడి మణికట్టు విరిగినప్పటి నుంచి ఆ చేతిలో పట్టు లేదు. వేళ్ళు సులువుగా బయటికి వచ్చేశాయి.

ఇద్దరమూ పంకజాక్షి వైపు చూశాం. కిటికీ పక్కన, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుని ఉంది.

"నాకొద్దత్తా," అంది. "నా చేతులు నమ్మొద్దు."

బయట ఇంజను మొదలైంది. ఆ అమ్మాయి పాపను నా ఒళ్ళోంచి ఎత్తుకుని నిలబడే ఉంది. నాలుగేళ్ళుగా నేను మింగి కూర్చున్న మాట ఒకటుంది. కొడుక్కి కూడా చెప్పలేదు. అది చెప్పకపోతే ఆ చేతులు బయటికి రావని అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా చెప్పాను.

"ఆ పొద్దు బస్సులో సంచిలో నీళ్ళసీసా తీసియ్యమని అడిగింది నేను గదా. నువ్వు చెయ్యి ఇడిసింది నా కోసరం. తప్పు నాది పంకజా."

ఆమెకు తెలియని సంగతి కాదు, నేను ఒప్పుకోని సంగతి. పంకజాక్షి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేతులు బయటికి తీసి చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది. ముందు పంకజాక్షిని బెల్టు పెట్టుకోమని చెప్పి, ఆ అమ్మాయి పాపను ఆమె రొమ్ముకు ఆనించింది. ఒక చెయ్యి తల వెనక, ఒకటి నడుము చుట్టూ ఎలా వేయాలో చూపించి వెళ్ళింది.

విమానం లేచింది. కొండల మీదికి రాగానే రెండుసార్లు గట్టిగా ఊగింది. నాకు నాలుక ఎండిపోయింది. అలవాటు ఎక్కడికి పోతుంది, "పంకజా, రవ్వన్ని నీళ్ళు" అనేశాను. అన్నాక గానీ ఏమన్నానో తెలియలేదు.

ఆమె నా వైపు తిరగలేదు. పాప తల వెనక చెయ్యి కదల్లేదు.

"సంచి నీ కాళ్ళకాడే ఉండాది," అంది. "నువ్వే తీసుకో అత్తా."

మా ఇంటికి వచ్చిన ఏడేళ్ళలో ఆమె నేను చెప్పిన పని చెయ్యకపోవడం అదే మొదలు. నేను వంగి ఎడమచేత్తో సీసా తీసుకున్నాను.