గీతముక్కల డబ్బా

నాకు కోపం ఎక్కువని మా వీధిలో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే ఆ సబ్బుల కరువు రోజుల్లో వాళ్ళకీ తెలిసిపోయింది. రోగం భయంతో జనం కొట్ల మీద పడి, ఇంటిల్లిపాదికీ ఏళ్ళ తరబడి సరిపోయేటన్ని సబ్బులు మోసుకుపోయారు. వాటితో ఏం చేసుకున్నారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మా ఇంట్లో మాత్రం సబ్బంటే ఒంటి శుభ్రం ఒక్కటే కాదు, మా ఆయన ప్రాణం.

మా ఆయనకి మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. అంతకుముందు స్కూలు వ్యాను నడిపేవారు. ఇప్పుడు డయాలసిస్ ఇంట్లోనే, పొట్టకి అమర్చిన గొట్టం ద్వారా జరుగుతుంది. సంచిలోని మందునీళ్ళు పొట్టలోకి ఎక్కించాలి. కొన్ని గంటలయ్యాక అవి ఒంట్లోని చెడునంతా పట్టుకుని బయటికి దిగాలి. మళ్ళీ కొత్త సంచి తగిలించాలి. దీన్ని మేం సంచి మార్చడం అంటాం. పొద్దున, సాయంత్రం, రాత్రి నేను మారుస్తాను. మధ్యాహ్నం నేను కుట్టుపనిలో ఉంటాను కాబట్టి ఆయనే మార్చుకుంటారు. ప్రతిసారీ ముందు మోచేతుల దాకా సబ్బుతో బాగా రుద్ది కడుక్కోవాలి. చేతి మీది క్రిమి ఆ గొట్టంలోకి వెళ్ళిందంటే పొట్టంతా చీము పడుతుందని, ఆ తర్వాత తను కూడా ఏమీ చేయలేనని, మాకీ పని నేర్పిన ఆసుపత్రి నర్సమ్మ మొదటిరోజే చెప్పింది. ఆ మాట నా బుర్రలో అలాగే ఉండిపోయింది.

మా ఇంటి ముందు గదే మా కుట్టుకొట్టు. మిషన్ దగ్గర నేను, గుమ్మం పక్కన పీట మీద గుండీలు, కాజాలు కుడుతూ మా అత్తగారు. నాకు పని నేర్పింది ఆవిడే. ముదురు రంగు గుడ్డ మీద సుద్దతో గీస్తే ఇస్త్రీ చేశాక మరక మిగులుతుందని ఆవిడ నమ్మకం. అందుకని పాత బిస్కెట్ల డబ్బా ఒకటి గీతముక్కలతో నింపి మిషన్ పక్కన పెట్టింది. పల్చగా, పదునైన అంచుతో, రెండు వేళ్ళ మధ్య ఇమిడిపోతాయి. గీస్తే సన్నగా తెల్లటి గీత పడుతుంది, ఉతికితే ఆనవాలు ఉండదు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ నేను వాటితోనే గీస్తున్నాను. ఆ కరువు రోజుల్లోనూ నల్లగుడ్డ మీద వాటితోనే గీసి మాస్కులు కుట్టి కుట్టి నా నడుం విరిగింది.

సబ్బులు దొరకడం లేదని తెలియగానే ఇంట్లో చట్టాలు పెట్టాను. స్నానాలకి సబ్బు లేదు. గిన్నెలకి వేడినీళ్ళతో సరి. మా అత్తగారు ఒళ్ళంతా జిడ్డోడుతోందని రోజూ సణిగేది. నేను వినిపించుకోలేదు. ఉన్న ఒక్క సబ్బుబిళ్ళనీ మా ఆయన గదిలో కుళాయి పక్కన పెట్టి, దాని జోలికి ఎవరూ వెళ్ళకూడదన్నాను. అది అరిగిపోయేలోగా ఇంకొకటి సంపాదించాలి. లేకపోతే సంచి మార్చడం ఎలాగో నాకు తెలియదు.

చెప్పులు అరిగేలా తిరిగాను. వీధి చివర చిల్లరకొట్టాయన దూరాన్నుంచి నన్ను చూడగానే రెండు చేతులూ ఎత్తేసేవాడు. మందుల షాపుల్లో చేతులకి రాసుకునే మందు ఖాళీ, సీసా సబ్బు ఖాళీ. ఒకచోట ఖాళీ అరల మీద దుమ్ము తుడుస్తున్న అమ్మాయిని పట్టుకుని, తుడవడానికి సబ్బునీళ్ళు ఎక్కడివని నిలదీశాను. ఉత్త నీళ్ళేనని గుడ్డ చూపించింది పాపం. ఇంటికి వచ్చేసరికి మొహం మాడిపోయి ఉండేది. మా ఆయన నా మొహం చూసి, దొరికిందా అని అడగడం కూడా మానేశారు. ఆ మధ్య ఆయన పాదాలు కాస్త ఉబ్బినట్టు కనిపిస్తే అడిగాను. కూర్చుని కూర్చుని అలా అయ్యాయిలే అన్నారు. నా ధ్యాసంతా సబ్బు మీదే ఉంది, నమ్మేశాను.

ఒకరోజు టోకు దుకాణానికి సరుకు వచ్చిందని విని, కుడుతున్న మాస్కు మిషన్‌లోనే వదిలేసి పరిగెత్తాను. అప్పటికే వరస వీధి మలుపు దాటింది. కాళ్ళు పీకేలా నిలబడి నిలబడి, గల్లాపెట్టె దాకా వచ్చాను. నా ముందున్న ముసలాయన చేతికి రెండు బిళ్ళలిచ్చి, అయిపోయాయన్నాడు దుకాణదారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిట్లు నోటి దాకా వచ్చాయి. ఈలోగా ఆ ముసలాయనే నా వైపు తిరిగి, తప్పు చేసినవాడిలా, ఇంటిదానికి పక్షవాతమని, దుప్పట్లు ఉతకడానికి ఏమీ మిగల్లేదని చెప్పుకొచ్చాడు. ఆయన చేతులు చూశాను. ఉతికి ఉతికి పగిలిపోయి ఉన్నాయి. ఏమనగలను? పక్కకి తప్పుకుని దారి ఇచ్చాను. దుకాణదారు జాలిపడి ఫినాయిలు సీసా ఇవ్వబోయాడు. దాంతో చేతులు కడుక్కుంటే తోలు ఊడొస్తుందని చెప్పి వచ్చేశాను.

దారిలో వాన పట్టుకుంది. తడిసి ముద్దయి ఇల్లు చేరాను. సాయంత్రం సంచికి వేళవుతోందని తిన్నగా మా ఆయన గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పాను. సబ్బుబిళ్ళ మీద చెయ్యి వేశాను.

పొడిగా ఉంది. అడుగున కూడా తడి లేదు. నిన్న రాత్రి నేను పెట్టిన వైపే ఇంకా పైకి ఉంది. పొద్దున హడావుడిలో వంటింట్లో గిన్నెల దగ్గర మిగిలిపోయిన ఆఖరి చిన్న ముక్కతో కడుక్కుని వచ్చి సంచి మార్చాను కాబట్టి దీన్ని నేను ముట్టుకోలేదు. మరి మధ్యాహ్నం ఈయన?

"ఇవాళ మధ్యాహ్నం సంచి మార్చుకున్నారా?"

"మార్చుకున్నాను," అన్నారు, నా వైపు చూడకుండా.

"చేతులు దేంతో కడుక్కున్నారు?"

ఆయన మడమతో మంచం కిందికి ఏదో తోశారు. నేను వంగి మంచం కింద చూశాను. పాత దుప్పటి చాటున మందునీళ్ళ సంచులు, సీలు తీయనివి, బుద్ధిగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఆయన పాదం మీద వేలుపెట్టి నొక్కాను. సొట్ట పడింది, పడ్డది పడ్డట్టే ఉండిపోయింది.

"నువ్వు రోజూ ఆ జనంలో పడి తిరుగుతున్నావు," అన్నారాయన మెల్లిగా. "నీకేమైనా అంటుకుంటే? మధ్యాహ్నం పూట ఒకటి మానేస్తే సబ్బు ఇంకొన్నాళ్ళు వస్తుంది, నువ్వు కాస్త ఇంటిపట్టున ఉంటావు అనుకున్నాను."

అంత కోపం నాకు జన్మలో రాలేదు. అంత భయం కూడా ఎప్పుడూ వేయలేదు. ఏది ఏదో తెలియకుండా కలిసిపోయాయి.

"మీరే లేకపోతే ఆ సబ్బు పెట్టుకుని నేనేం కడుక్కోవాలి?"

గుమ్మంలో మా అత్తగారు సూది చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంకొక్క మాట మాట్లాడితే భోరుమని ఏడ్చేస్తానని ముందు గదిలోకి వచ్చేశాను. ముందు నా ఒళ్ళు నా స్వాధీనంలోకి రావాలి, ఆ తర్వాతే సంచి. నాకు చేతనైంది కుట్టే కదా. మిషన్ ముందు కూలబడి, నల్లగుడ్డ పరిచి, డబ్బాలోంచి ఒక గీతముక్క తీశాను.

అది చేతిలోంచి జారిపోయింది. ఇంకొకటి తీశాను. అదీ జారింది. చేతులు ఇంకా వాననీళ్ళతో తడిగా ఉన్నాయి. ఒళ్ళు మండి మూడోదాన్ని గట్టిగా పట్టుకుని గుడ్డ మీద బరబరా గీశాను. గీత పడలేదు, వేళ్ళ సందుల్లోంచి తెల్లగా నురగ వచ్చింది.

వాసన చూశాను. పెళ్ళయిన కొత్తలో ఈ ఇంట్లో స్నానాలగది తలుపు తీస్తే వచ్చే వాసన.

"అత్తయ్యా," అని పిలిచాను. "ఈ ముక్కలు మీకు ఎక్కణ్ణించి వచ్చాయి?"

"గీతముక్కలా? ఎక్కణ్ణించేంటమ్మాయ్, అరిగిపోయిన సబ్బులు పారెయ్యకుండా కిటికీలో ఎండబెట్టి..." అంటూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఊరంతా గాలించింది నేను. ఒళ్ళు జిడ్డోడుతోందని రోజూ ఈ డబ్బా పక్కనే కూర్చుని సణిగింది ఆవిడ. మా ఇద్దరికీ అది సబ్బని తట్టనేలేదు. సబ్బు స్నానాలగది గడప దాటి కుట్టుగదిలోకి వచ్చాక ఇంకా సబ్బేమిటి, అది పనిముట్టు. ఎవరైనా వచ్చి మీ ఇంట్లో సబ్బుందా అని అడిగితే, ఆ ముక్కతో గీత గీస్తూనే లేదని ఒట్టుపెట్టేదాన్ని. ఇలాంటి తెలివైనవాళ్ళ గురించి ఏదో సామెత ఉందని మా అత్తగారు మొదలుపెట్టబోతే దండం పెట్టి ఆపేశాను. ఆవిడని మనసులో ఎన్నిసార్లు పిసినారి అనుకున్నానో లెక్కలేదు. ఆ పూట ఆ ముసలి చేతులు పట్టుకుని ఏడ్చేశాను. ఆవిడ కంగారుపడి, తడిబట్టలు ముందు మార్చుకోమని కసిరింది.

నర్సమ్మకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పూటలు ఎగ్గొట్టినందుకు మా ఆయనకి ఫోన్లోనే గడ్డి పెట్టింది. ఆయన బడిపిల్లాడిలా అలాగేనండీ, అలాగేనండీ అంటూ విన్నారు. ఆ ముక్కల్ని మరిగించిన నీళ్ళలో కరిగించి, శుభ్రమైన గుడ్డలో వడగట్టి, మూత ఉన్న సీసాలో పోసి వాడుకోమంది. వెంటనే సంచి మార్చమని, ఆయాసం మొదలైతే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకుండా వచ్చేయమని చెప్పింది.

ఆ సాయంత్రం కుళాయి కింద మోచేతుల దాకా రుద్ది కడుక్కున్నాను. మోచేతుల దాకా నురగే. ఎన్నేళ్ళ స్నానాలో ఆ సీసాలో ఉన్నాయి. మా మామగారివి, మా ఆయన చిన్నప్పటివి, నావి. కిటికీ మూసి, మాస్కు కట్టుకుని, గొట్టం మూత తీసి సంచి తగిలించాను. మందునీళ్ళు ఎక్కుతున్నంతసేపూ ఆయన నా వైపే చూస్తూ ఉన్నారు. నేను మాత్రం మాట్లాడలేదు. నాకు కోపం అంత తొందరగా పోదు.

ఆయాసం రాలేదు. రోజులు గడిచేకొద్దీ పాదాల వాపు తీసింది. నేను వీధులు పట్టి తిరగడం మానేశాను. ఒక చిన్న సీసా నింపి, టోకు దుకాణదారుని అడిగి ఇల్లు కనుక్కుని, ఆ ముసలాయన గుమ్మంలో పెట్టి వచ్చాను. డబ్బా అడుగు కనిపించేసరికి కొట్లలోకి మళ్ళీ సబ్బులు వచ్చాయి. ఖాళీ డబ్బా మిషన్ పక్కనే ఉండిపోయింది. సుద్దతో గీస్తుంటే, మరకలు పడతాయి చూస్కో అని మా అత్తగారు రోజుకోసారి గుర్తుచేస్తూనే ఉంది.

ఒకరోజు మాస్కుల పని తగ్గి, మామూలు బట్టలు కుడుతున్నాను. మా ఆయన స్నానం చేసి తువ్వాలు భుజాన వేసుకుని ముందు గదిలోకి వచ్చారు. చేతిలో ఏదో ఉంది. డబ్బా మూత తీసి లోపల వేశారు. ఖాళీ డబ్బా కదా, టక్కుమని గట్టిగా చప్పుడైంది. అరిగి పల్చబడ్డ సబ్బుముక్క. అప్పటికే కిటికీలో ఎండబెట్టినట్టున్నారు.

"అమ్మా, ఈ డబ్బా నిండడానికి ఎంతకాలం పట్టింది?" అని అడిగారు.

"నువ్వు పుట్టకముందు మొదలుపెట్టానురా," అంది మా అత్తగారు, కాజా మీద నుంచి చూపు తిప్పకుండా.

"అయితే నేను అంతకాలం ఉండాలన్నమాట," అన్నారాయన నాతో.

నేను తలెత్తలేదు. ఎత్తితే నా కళ్ళు చూసేస్తారు.

"ఉండండి," అన్నాను. "మీకిప్పుడు తొందరేం లేదుగా."