మొదటి బంతి లేచింది

నేను ఒక ఊపిరి పరికరాన్ని. ఆసుపత్రిలో నన్ను బంతుల డబ్బా అంటారు. గాజులాంటి ప్లాస్టిక్ ఒళ్ళు, పక్కపక్కనే మూడు గదులు, గదికొక నీలం బంతి, ఒక గొట్టం. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు లేస్తాయి. మెల్లగా పీలిస్తే మొదటిది, గట్టిగా పీలిస్తే రెండోది, నిండుగా పీలిస్తే మూడోది. నాకు వచ్చిన విద్య అంతే. పుట్టిన క్షణం నుంచీ ఊపిరి పీలుస్తున్న మనుషులు, ఏదో ఒక రోజు దాన్ని నా దగ్గర మళ్ళీ నేర్చుకోవడానికి వస్తారు.

నన్ను అచ్చుపోసిన కార్ఖానాలో నాకు భయం తెలియదు. ఒకమ్మాయి బంతులు వేసి, మూత బిగించి, ఒక్కసారి తలకిందులు చేసి చూసింది. మూడూ టకటకా దొర్లాయి. బంతి లేవకపోవడం అనేది ఒకటుంటుందని నేనప్పుడు అనుకోలేదు.

కాకినాడలో ఒక ఆసుపత్రి కింద ఉన్న మందుల షాపులో నన్ను కొన్నది విశ్వపతి అనే సర్వేయరు. భార్య ఉషశ్రీకి ఊపిరితిత్తుల ఆపరేషన్ అయింది. అంగుళం తేడా రాకుండా పొలాల గట్లు కొలిచిన మనిషి ఆయన. నా మూడో గది మీద వేలు పెట్టి, "ఇది లేవాలి" అన్నాడు. మొదటి బంతి లేచిన రోజు ఆవిడ ఆయన మొహం వైపు చూసింది. "ఇంకా రెండున్నాయి" అన్నాడాయన. ఆరో రోజున రెండోది లేచింది. "చూశారా?" అంది ఆవిడ చెమట తుడుచుకుంటూ. ఆయన మూడో గదినే చూస్తున్నాడు. మర్నాడు ఆవిడ నన్ను దిండు వెనక పెట్టేసింది. తొమ్మిదో రోజున ఆ మంచం ఖాళీ అయింది.

సామాను సర్దుకున్నాక ఆయన నన్ను నాగలత సిస్టర్ చేతిలో పెట్టాడు. "ఎవరికైనా పనికొస్తుందేమో. రెండో బంతి లేచిన రోజు నేనావిడతో ఏమీ అనలేదమ్మా" అన్నాడు.

"జబ్బు ముదిరిపోయిందండీ. మీ తప్పేం లేదు" అంది సిస్టర్. ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి నాకు భయం. నాలో మూడో గది ఉందే అని భయం.

సిస్టర్ నన్ను వేడినీళ్ళలో సబ్బుతో కడిగి, కొత్త గొట్టం తగిలించి, బీరువాలో ఉంచింది. షాపులో నాలాంటివి అయిపోయిన రోజున బయటికి తీసింది. ఈసారి పదకొండో నంబరు మంచం. ఆ మంచం మీది దేవదానం పెళ్ళి బ్యాండులో ముప్పయ్యేళ్ళుగా ట్రంపెట్ వాయిస్తున్నాడు. నిమోనియా వచ్చి, గొంతులో గొట్టంతో నాలుగు రోజులు ఊపిరి మెషీను మీద ఉండి, అప్పుడే బయటపడ్డాడు. డాక్టరమ్మ సిస్టర్‌తో చెప్పిన మాట నేను విన్నాను. "శనివారం లోపు ఊపిరితిత్తులు తెరుచుకోకపోతే మళ్ళీ మెషీనే. ఈసారి తట్టుకోలేడు." ఆ రోజు గురువారం.

దేవదానం గొట్టం పెదాలకు ఆనించుకున్నాడు. బుగ్గలు పూరించి ఊదాడు. బంతులు కదల్లేదు. మళ్ళీ ఊదాడు. కదల్లేదు. "అయిపోయిందిరా అబ్బులూ. నాలో గాలి లేదు" అన్నాడు.

అబ్బులు ఆయన బావమరిది, అదే బ్యాండులో డ్రమ్ము వాయిస్తాడు. "ఊదుతావేంటి బావా? ఇదేవన్నా పెళ్ళికూతురి ఊరేగింపా? పీల్చమంది సిస్టరు, పీల్చమని!"

"ముప్పయ్యేళ్ళు ఊదిన నోరురా. గొట్టం తగిల్తే ఊదుద్ది."

శుక్రవారమూ అంతే. పీల్చబోయి ఊదేవాడు, దగ్గేవాడు, నన్ను పక్కన పెట్టేవాడు. మధ్యాహ్నానికి నావైపు చూడడమే మానేశాడు. అక్కడి నుంచి దిండు వెనక్కి ఎంత దూరమో నాకు తెలుసు.

అబ్బులు కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత గొట్టం బావ నోట్లో పెట్టి, "ఊరికే పట్టుకో" అన్నాడు. మంచం ఇనుప పట్టీ మీద రెండు వేళ్ళతో దరువు మొదలుపెట్టాడు. ట్రంపెట్ అందుకోబోయే ముందు డ్రమ్ము వేసే దరువు అది. గబగబా పెరిగి టక్కున ఆగింది. ఆగిన చోట ట్రంపెట్ మనిషి గుండెనిండా గాలి తీసుకోవాలి. దేవదానం ఛాతీ ఆయనకు తెలియకుండానే గాలి లాగింది.

నా మొదటి బంతి వేలెడెత్తు లేచి పడింది.

అబ్బులు స్టీలు పళ్ళెం తీసుకుని చెంచాతో మోగించేశాడు. సిస్టర్ పరుగున వచ్చింది. "ఏంటండీ ఇది? ఆసుపత్రా, కల్యాణ మండపమా?"

"మొదటి సెంటరు దాటాం సిస్టరుగారూ!"

నేను వణికిపోయాను. వేలెడెత్తుకే ఇంత సంబరమా? మూడో గది దేవదానం కంట పడితే ఏమవుతుంది? పడనే పడింది. "ఇంకా రెండున్నాయిరా" అన్నాడు దేవదానం నీరసంగా.

"మన ఊరేగింపు ఎప్పుడన్నా తిన్నగా పెళ్ళింటికెళ్ళిందా బావా? సెంటరు సెంటరుకీ ఆగి, ఓ పాట కొట్టి, అప్పుడు కదుల్తాం. ఆగకుండా పోయేది బ్యాండు కాదు, లారీ."

దేవదానం నవ్వబోయి దగ్గాడు. నన్ను మళ్ళీ తీసుకున్నాడు. ఆ సాయంత్రం బంతి లేచిన ప్రతిసారీ పళ్ళెం మోగింది, సిస్టర్ షరతు ప్రకారం ఒక్క వేలితో, మెల్లగా. పక్క మంచం ముసలావిడ "లేచిందా నాయనా?" అని అడుగుతూనే ఉంది. ఒక మోతకూ ఇంకో మోతకూ మధ్య నేను భయంతో బిగుసుకుపోతూనే ఉన్నాను.

శనివారం ఉదయం రెండో బంతి వణుకుతూ సగం దాకా లేచింది. మూడోది కదలనే లేదు. డాక్టరమ్మ ఎక్స్‌రేని కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నావైపు చూసింది. మూడోదాని సంగతి ఇప్పుడు అడుగుతుంది అనుకున్నాను.

"కింది భాగం తెరుచుకుంటోంది. మెషీను వద్దు. ఇలాగే చేస్తూ ఉండండి, సోమవారం మళ్ళీ చూద్దాం" అంది.

అబ్బులు పళ్ళెం అందుకున్నాడు కాని మోగించలేకపోయాడు. మొహం తువ్వాలులో దాచుకున్నాడు. దేవదానమే చెయ్యి చాపి, పళ్ళెం మీద వేలితో ఒక్క దెబ్బ వేశాడు.

అలసిపోయి, నన్ను ఛాతీ మీద పట్టుకునే నిద్రపోయాడు. మూడో బంతి అలాగే ఉంది. సోమవారం ముందుంది. ఆయన ఊపిరితో పాటు నేను పైకి లేస్తున్నాను, కిందికి దిగుతున్నాను. దిగిన ప్రతిసారీ భయపడుతున్నాను. అంతలోనే మళ్ళీ లేస్తున్నాను.