పసుపు గొడుగు మలుపు

పొద్దున ఏడింటికల్లా మా కొండ మీది జీపు స్టాండులో పాలు కలపని కట్టన్ చాయ గ్లాసులు ఖాళీ అవుతాయి, కబుర్లు మాత్రం అవవు. డ్రైవర్లకు రెండే పనులు: జీపు తుడవడం, అబద్ధాలకు మెరుగు పెట్టడం. బస్సు దిగిన అతిథులకు ఈ కొండ గురించి తెలిసేదంతా వీళ్ల నోటివెంటే. ఏ దొర ఏ టీ తోటలో గుర్రం మీంచి పడ్డాడో, ఏ జలపాతంలో మునిగితే పెళ్లవుతుందో వీళ్లే చెప్పాలి. చెప్పగా చెప్పగా కొన్ని నిజమైపోతాయి కూడా. దొర గుర్రం వానాకాలంలో తోటలో మేస్తూ కనిపిస్తుంది. చిగుళ్లు తినేస్తోందని మేస్త్రీలు తిట్టుకుంటారు.

అందరిలోకీ మాటకారి వర్కి. ఇరవై ఒక్క ఏళ్ల కిందట సూరత్ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఆయన జీపెక్కింది.

"మీ కొండకి సూసైడ్ పాయింట్ లేదా? మేం చూసిన ప్రతి కొండకీ ఉంది," అని పెద్దావిడ పెదవి విరిచింది.

వర్కికి తల తీసేసినట్టయింది. "లేకేం మేడం!" అని నాలుగో మలుపులో బ్రేకు వేశాడు. ముందురోజే భార్యకు ఆడపిల్ల పుట్టింది. పెట్టబోయే పేరు నాలుక మీదే ఉంది. "ఇక్కడే. త్రేస్య అని, పంతొమ్మిది నిండిన పిల్ల. మనసిచ్చినవాడి జీపు కోసం సాయంత్రం నాలుగింటికి పసుపు గొడుగు పట్టుకుని నిలబడింది. వాడు రాలేదు. మంచొచ్చింది. పిల్ల మంచులోకి నడిచింది. అంతే."

పెద్దావిడ కొంగుతో కళ్లొత్తుకుంది. నెల తిరిగేసరికి స్టాండులోని ఇరవై జీపులూ అదే కథ చెప్పసాగాయి.

రెండో వానాకాలానికి ఆ మలుపులో పసుపు గొడుగు కనిపించింది. మూడో వానాకాలానికి గొడుగు కింద పిల్ల. మర్యాదకి డ్రైవర్లంతా అక్కడ రెండుసార్లు హారన్ కొట్టి నెమ్మదిగా పోయేవాళ్లు. మొదట్లో ఆ పిల్లకి ముఖం లేదు, పిండిముద్దలా నున్నగా ఉండేది. తర్వాత ఏడాదికొకటిగా కన్ను, ముక్కు, నోరు వచ్చాయి. ఆ ముఖం ఎవరి పోలికో స్టాండులో అందరూ గమనించారు గానీ వర్కికి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆయన ఆ మలుపులో ఎప్పుడూ అతిథుల వైపే తిరిగి ఉండేవాడు, ఎవరు ఎంత ఏడుస్తున్నారో చూసుకోవాలిగా!

ఇంట్లో త్రేస్య పెరిగింది. వర్కి ఆమెకి జీపు నేర్పాడు. "క్లచ్ మీంచి కాలు తియ్యి మోళే, అరిగిపోతుంది," అని రోజూ కూతుర్ని సతాయించేవాడు.

పంతొమ్మిదో ఏడు నడుస్తుండగా, జూన్‌లో త్రేస్య బజారు నుంచి పసుపు గొడుగుతో వచ్చింది.

"నల్లవి లేవా?" అన్నాడు వర్కి.

"బోలెడున్నాయి అప్పచ్చా. చెయ్యి దీనిమీదికే పోయింది."

మర్నాడు నాలుగో మలుపులో వర్కి మొదటిసారి అతిథుల్ని వదిలి గొడుగు కిందికి చూశాడు. గడ్డం కింద పుట్టుమచ్చ. కూతుర్ని ఎత్తుకుని తిరిగినన్నాళ్లూ తను ముద్దుపెట్టుకున్న పుట్టుమచ్చ. ఆ పూట కథ చెప్పకుండానే అతిథుల్ని దించేశాడు.

"ఆ కథ మానేయండ్రా, మీ కాళ్లు పట్టుకుంటా," అన్నాడు స్టాండుకొచ్చి. "సెప్టెంబరులో నా పిల్లకి పంతొమ్మిది నిండుతాయి."

మణియన్ అనే డ్రైవరు తల గోక్కున్నాడు. "మేం మానేస్తే ఆగుతుందా వర్కి చేట్టా? వచ్చేవాళ్లు జీపెక్కకముందే త్రేస్య ఎక్కడ అని అడుగుతున్నారు."

"పోనీ ముగింపు మార్చండి."

"పిల్ల క్షేమంగా ఇంటికెళ్లిందంటే ఎవడు వింటాడు? ఎవరో ఒకరు మంచులోకి పోవాల్సిందే."

వర్కి చేతిలో చాయ చల్లారిపోయింది. "అయితే ఓ ముసలి డ్రైవరు పోయాడని చెప్పండి. పిల్లని తన జీపులో కూర్చోబెట్టి, గొడుగు తీసుకుని, తనే పోయాడని."

"పేరేం పెట్టమంటావ్?"

"నాదే పెట్టండి. ఇంకొకడి ఇంట్లో ఏడుపెందుకు?"

ఆ రోజు నుంచి ఇరవై జీపులూ కొత్త ముగింపు చెప్పాయి. అందరికన్నా ఎక్కువసార్లు చెప్పింది వర్కే.

త్రేస్య పుట్టినరోజున, మధ్యాహ్నం పొయ్యి మీద కర్రపెండలం ఉడుకుతుండగా, ఆమె గొడుగు తీసుకుని గుమ్మం దాటింది. తల్లి ఎంత పిలిచినా వెనక్కి తిరగలేదు.

నాలుగింటికి కొండ దిగుతున్న మణియన్‌కి మలుపులో వర్కి జీపు కనిపించింది. వైపర్లు ఆడుతున్నాయి. డ్రైవరు సీట్లో త్రేస్య. అంత వానలోనూ జుట్టు తడవలేదు.

"ఎవరో గొడుగు అడిగారు, ఇచ్చాను," అంది. అంతకుమించి ఆమెకేం గుర్తులేదు.

వర్కి కోసం స్టాండంతా లోయ గాలించింది. పసుపు గుడ్డపేలిక కూడా దొరకలేదు. మర్నాటి నుంచి మలుపులో గొడుగు కింద ఖాకీ చొక్కా ముసలాయన నిలబడ్డాడు. ఆయన ముఖం మొదటిరోజే పూర్తిగా ఉంది.

జీపు త్రేస్య చేతికొచ్చింది, దాంతోపాటు తండ్రి నోరూ వచ్చింది. "ఆ ముసలాయన చచ్చిపోయింది ఇక్కడేనా?" అని అతిథులు అడిగితే కస్సుమనేది.

"చావడమేంటండీ? అదిగో, జీపు కోసం చూస్తున్నాడు. ఇంట్లో అమ్మ చేపల పులుసు చేసి పెట్టింది. రోజూ సాయంత్రం ఈ జీపెక్కే ఇంటికెళ్తాడు."

అలా అని ముందు తలుపు తెరిచిపెట్టి నిమిషం ఆగేది. ఎవరూ ఎక్కేవాళ్లు కాదు. తలుపు తనే వేసుకుని, అతిథులకు కనబడకుండా కళ్లు తుడుచుకుని పోయేది. స్టాండులో మిగతా పంతొమ్మిది జీపుల చేతా అదే చెప్పించింది. రెండు వానాకాలాలు గడిచాయి.

మొన్న సోమవారం, వెనక సీట్లో పూణే నుంచి వచ్చిన దంపతులు కూర్చుని ఉండగా, త్రేస్య మలుపులో ఆగి ఎప్పటిలాగే కథ చెప్పి తలుపు తెరిచింది. ఈసారి తలుపు లోపలి నుంచి మూసుకుంది. పక్క సీటు ఒక పక్కకి కుంగింది. మడిచిన గొడుగు నుంచి నీళ్లు కారి ఆమె పాదాలు తడిశాయి. ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండా జీపు కదిలించింది.

"క్లచ్ మీంచి కాలు తియ్యి మోళే, అరిగిపోతుంది."

త్రేస్య కాలు తీసింది.