గాజు తలుపు ముందు వరస

ఆ రోజు మా ప్యాకింగ్ హాల్లో, పట్టపగలు, రెండు వందల మంది చూస్తుండగా, ఒక ఆడపిల్ల చక్రాల కుర్చీలోనే బట్టలు తడుపుకుంది. సూపర్‌వైజరు ఆమె మొహంకేసి కూడా చూడలేదు. "తుడిచేవాళ్ళని పిలవండి! పదకొండింటికి అతిథులొస్తున్నారు!" అని అరిచాడు. ఆ పిల్ల రెండు చేతులతో మొహం కప్పుకుంది. బెల్టు మీద అట్టపెట్టెలు వస్తూనే ఉన్నాయి, మేం టేపు అంటిస్తూనే ఉన్నాం. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, సిగ్గు విడిచి చెబుతున్నాను, నా చేతులు కూడా ఆగలేదు.

ఆమెను మేం పోస్టరు పిల్ల అనేవాళ్ళం. గేటు పక్కన నిలువెత్తు బొమ్మలో, కుర్చీలో కూర్చుని నవ్వుతూ ఉంటుంది. కింద 'ఇక్కడ అందరికీ చోటుంది' అని అక్షరాలు. రకరకాల మనుషులకు పనిచ్చినందుకు కంపెనీకి ఏటేటా బహుమతులు. ఆ వ్యవహారం చూడ్డానికే ఒక విభాగం, దానికో మేడమ్. ఇంత చేసినవాళ్ళకు మా వైపు మరుగుదొడ్డి ముందున్న నాలుగు మెట్లు కనబడలేదు. కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఆఫీసు వైపు, గాజు తలుపు అవతల ఉంది. ఆ తలుపు తెరిచే కార్డు కాంట్రాక్టు వాళ్ళకివ్వరు. పోస్టరు పిల్లా కాంట్రాక్టే. అందుకని పొద్దున ఇంట్లో గుక్కెడు తాగితే మళ్ళీ ఇంటికెళ్ళేదాకా నీళ్ళు ముట్టేది కాదు. ఎనిమిది నెలలు అలాగే నెట్టుకొచ్చింది. మూత్రపిండాలకు జబ్బు చేసింది. నీళ్ళు బాగా తాగాలని చెప్పి డాక్టరిచ్చిన మందులు వేసుకుని వచ్చిన మొదటి రోజే ఇలా జరిగింది.

మాకు తెలియదా? తెలుసు. కానీ మాలో మాకు పడి చచ్చేది కాదు. "ఆమెకేం, దర్జాగా కూర్చుని పని. మన కాళ్ళు పీక్కుపోతుంటే మనకెవడేశాడు కుర్చీ?" అని నేనే అన్నాను. ఒకసారి కాదు, పదిసార్లు అన్నాను.

భోజనాల వేళ పెద్దక్క నా మీద విరుచుకుపడింది. మా హాల్లో అందరికన్నా పాత మనిషి, నోరు మంచిది కాదు.

"ఏమే, ముద్ద దిగుతోందా?"

"నేనేం చేశానక్కా?"

"ఏం చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. అదేగా మన ఘనకార్యం!"

లారీలకు సరుకెత్తే లోడింగన్న నసిగాడు. "నోరెత్తితే రేపు గేటు బయటుంటాం. నాకిద్దరు పిల్లలు."

"నాకు ముగ్గురు. అయితే ఏంట్రా?"

తిట్టుకున్నాం, అరుచుకున్నాం. చివరికి పన్నెండు మందిమి మేడమ్ దగ్గరికెళ్ళాం.

మేడమ్ చెడ్డ మనిషి కాదు. కూర్చోమంది, మంచినీళ్ళిప్పించింది, అంతా విని కళ్ళొత్తుకుంది. "నేనూ ఆడదాన్నే, నాకర్థం కాదా అమ్మా? కానీ ఆ తలుపు సెక్యూరిటీ వాళ్ళది. కార్డులేమో కాంట్రాక్టరు చూసుకోవాలి. మెట్లంటారా, బిల్డింగు మాది కాదు, అద్దెది. మీ బాధంతా ఈ ఫారంలో రాసివ్వండి."

"ఫారం సంగతి తర్వాత. రోజుకి రెండుసార్లు మీ కార్డు ఆ పిల్లకివ్వండి తల్లీ, చాలు," అంది పెద్దక్క.

మేడమ్ మెడలో కార్డును గుప్పిట్లో పట్టుకుంది. "నా ఉద్యోగం పోతుంది," అంది మెల్లగా.

ఆవిడా మాలాంటిదేనని అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం? ఫారం నింపి వచ్చేశాం.

మూడో రోజు పోస్టరు పిల్ల పనిలోకి రాలేదు. ఆరోగ్యం దృష్ట్యా తప్పిస్తున్నామని ఫోనుకు మెసేజి పెట్టారట. నేను ఫోన్ చేస్తే, "పోనీలే అక్కా, ఇవాళ కడుపునిండా నీళ్ళు తాగాను," అంది. ఫోను పెట్టేశాను.

టేపు కిందపడేసి నేరుగా గాజు తలుపు దగ్గరికెళ్ళి నిలబడ్డాను.

"ఇటు కాదమ్మా, మీది అటువైపు," అన్నాడు గార్డు.

"నేను ఇక్కడికే వెళ్ళాలి. తలుపు తియ్యి."

"నా దగ్గర కార్డెక్కడిది తల్లీ? నేనూ కాంట్రాక్టే."

నా వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. చూస్తే పెద్దక్క. ఆమె వెనక లోడింగన్న, అతని వెనక ఇంకొకరు. వరస హాలు దాటి లారీల దాకా పోయింది. తీసేవాళ్ళు లేక పెట్టెలు బెల్టు మీంచి దబదబా పడుతున్నాయి. సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటీ గోల? ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు బాబూ. అందరికీ ఒకేసారి వచ్చింది," అంది పెద్దక్క.

వరసంతా గొల్లుమంది. అన్నాళ్ళలో మేమంతా కలిసి నవ్వింది అదే మొదటిసారి. గాజు అవతల మేడమ్ నిలబడి మమ్మల్నే చూస్తోంది. కార్డు ఆమె మెడలోనే ఉంది. తలుపు దగ్గరికి మాత్రం రాలేదు.

పోలీసులొచ్చారు. ముందున్నాను కాబట్టి నన్నే రెక్క పట్టి ఈడ్చారు. అబద్ధం చెప్పను, ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ పిల్లకు పని తిరిగి రాలేదు, నాదీ పోయింది. ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది, ఎనిమిది నెలలు ఎందుకాగానా అని.

జీపెక్కిస్తుంటే వెనక్కి తిరిగి చూశాను. నేను నిలబడ్డ చోటికి పెద్దక్క జరిగింది. గార్డు టోపీ తీసి చంకలో పెట్టుకుని, లారీల వైపు, వరస చివరికి నడుస్తున్నాడు.